గున్వోర్ వాకిలి కింద పెళ్లి

నార్వే దేశపు కొండల్లో గున్వోర్ అనే ఆవిడ ఉండేది; పనిలో ఆమెకు సాటి లేరు గాని, ఏదైనా చేసే ముందు పక్కవాళ్లకు ఒక మాట చెప్పాలంటే మాత్రం ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

ఆ దేశంలో వేసవి రాగానే ఆవులను కొండ మీది పచ్చిక బయళ్లకు తోలుకుపోతారు. అక్కడే చెక్క గుడిసెల్లో ఉండి, పాలు పితికి, చలికాలానికి సరిపడా వెన్న, చీజ్ చేసుకుంటారు. గున్వోర్ కూడా తన అత్త అస్లౌగ్‌నీ, దగ్రోస్ అనే ఆవునూ వెంటబెట్టుకుని వెళ్లేది. వాళ్లకున్నది ఆ ఒక్క ఆవే. అది పాలిస్తేనే చలికాలం గడిచేది.

ఆ కొండల్లో ఒక ఆచారం ఉంది. అక్కడ నేల కింద ఇంకో జనం కాపురముంటారు. మూరెడు పొడుగు మనుషులు, బూడిదరంగు బట్టలు, నీలం టోపీలు. వాళ్లకూ ఇళ్లు, పశువులు, పెళ్లిళ్లు, పేరంటాలు అన్నీ ఉంటాయి. అందుకని వేడినీళ్లు వాకిట్లో పారబోసే ముందు "కిందివాళ్లూ, తప్పుకోండి!" అని కేక వేయాలి.

గున్వోర్ వేసేది కాదు. పాలకుండలు కడిగిన మరుగునీళ్లు రోజూ గుమ్మంలోంచి అలాగే కుమ్మరించేది.

"ఒక్క కేక వేస్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అనేది అత్త.

"నా వాకిలి, నా నీళ్లు. కంటికి కనబడనివాళ్ల దగ్గర సెలవు తీసుకోవాలా అత్తయ్యా?" అనేది గున్వోర్.

ఒక శనివారం ఆమె పెద్ద కాగు నిండా మరుగునీళ్లు తెచ్చి ఒక్క విసురున పారబోసింది. నేల కిందినుంచి "అయ్యయ్యో!" అని గోల వినిపించింది. 'కప్పలు' అనుకుని లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి పాలు పితకబోతే దగ్రోస్ లేదు. దాని మెడగంట మాత్రం వినిపిస్తూనే ఉంది. ఎక్కడ? గుమ్మం ముందు, నేల కింద!

గున్వోర్ పార తెచ్చి తవ్వింది. గంట గుడిసె వెనక మోగింది. వెనక తవ్వింది. గంట మళ్లీ ముందుకొచ్చి మోగింది. పొద్దు వాలేసరికి గుడిసె చుట్టూ దుంపలు తవ్విన చేనులా అయింది. అప్పుడు ఒక గోతిలోంచి నీలం టోపీ పైకి లేచింది. టోపీ కింద ఒక చిన్న ముసలాయన ఉన్నాడు. ఆయన గడ్డం తడిసి ముద్దయి ఉంది.

"ఆ పార పక్కన పెట్టమ్మా, చేసింది చాలు!" అన్నాడు. "ఇవాళ మా అమ్మాయి పెళ్లి. మూడు వందల మంది పంక్తిలో కూర్చున్నారు. మీగడ జావ వడ్డించబోతున్నాం. ఇంతలో నెత్తిన నీ కడుగునీళ్లు! వియ్యంకుడి ఉన్నిటోపీ ముడుచుకుపోయి ఊడి రానంటోంది. జావ కాస్తా గంజినీళ్లయింది. మీగడ జావ లేని పెళ్లి ఎక్కడైనా ఉందా? మళ్లీ వండాలి. అందుకే నీ ఆవును తీసుకెళ్లాం."

"నా ఆవును నాకిచ్చెయ్!"

"ఇస్తాం. ఇకమీద నీళ్లు పోసే ముందు ఒక్క కేక వెయ్యి. అంతే."

"నా వాకిట్లోనా? చచ్చినా వేయను."

"సరే, మీ ఆవుకు మా ఊరు బాగా నచ్చింది" అంటూ ఆయన గోతిలోకి దిగిపోయాడు.

రెండు రోజులు గడిచాయి. కింద ఫిడేళ్లు మోగేవి, ఆవు గంట వాటికి తాళం వేసేది. పైన ఖాళీ కుండలు బోర్లించి ఉండేవి. అటక మీద మూడు చీజ్ ముద్దలే ఉన్నాయి. వేసవి ఇక నెలే మిగిలింది.

"మన ఇంట్లో మర్యాద తెలిసింది దగ్రోస్ ఒక్కదానికే. పిలవగానే పెళ్లికి వెళ్లింది" అంది అత్త, ఎండురొట్టె నములుతూ. నానబెట్టుకోవడానికి చుక్క పాలు లేవు. పళ్లు లేని ఆ నోట్లో రొట్టె ఎంతకీ నలగలేదు. అది చూసి గున్వోర్ మనసు చివుక్కుమంది.

మూడో రోజు ఆమె కాగు నీళ్లు మరిగించి గుమ్మంలో నిలబడింది.

"కిందివాళ్లూ..." అని గొణిగింది.

"వినబడలేదు!" అంది నేల.

"కిందివాళ్లూ, వేడినీళ్లు! తప్పుకోండి!" అని కొండ మారుమోగేలా అరిచింది. కాగు ఎత్తి, మళ్లీ ఆగింది. ఎవరూ అడగకుండానే ఇంకో మాట ఆమె నోటివెంట వచ్చింది. "ఎటు పోయమంటారు?"

కిందినుంచి మూడు వందల గొంతులు ఒక్కసారి లేచాయి. "తెల్లరాయి పక్కన పొయ్యి తల్లీ! అక్కడ మా అంట్ల తొట్టి ఉంది. మూడు రోజుల పెళ్లి గిన్నెలు గుట్టపడి ఉన్నాయి!"

గున్వోర్ పోసింది.

"ఇంకో కాగు!"

పోసింది.

"జావ గంగాళం అడుగంటింది, ఇంకొక్కటి!"

"తోమడానికి నన్ను కూడా దిగమంటారా ఏమిటి బాబాయ్?" అంటూ గున్వోర్ పడీ పడీ నవ్వింది. పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తున్న అత్త కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

ఏడో కాగు అయ్యాక కొండ మలుపులోంచి దగ్రోస్ దర్జాగా నడిచి వచ్చింది. కొమ్ములకు పూలదండలు, మూతికి మీగడ. ఆ రోజు అది ఇచ్చిన పాలకు ఇంట్లో కుండలు చాలలేదు. అత్త రెండు రొట్టెలు పాలలో నానబెట్టుకుని తింది.

ఆ తరువాత గున్వోర్ కేక వేయకుండా ఎన్నడూ నీళ్లు పోయలేదు. చలికాలానికి లోయలోని ఇంటికి దిగాక కూడా మానలేదు. "ఇక్కడ నేల కింద ఎవరున్నారమ్మా?" అని ఇరుగుపొరుగు వాళ్లు నవ్వితే, "ఉన్నారో లేదో, కేక వేస్తే నా సొమ్మేం పోయింది?" అనేది.

మన వాకిట్లో మనం చేసుకునే పనైనా సరే, దాని వేడి ఇంకొకరికి తగిలేదైతే ముందుగా ఒక మాట చెప్పి చేయాలి.