ఓటి బాన

మద్దిలేటి తన పార్టీ కండువాను పొయ్యిలో పడేసి, తిన్నగా ఈరప్ప తాత మఠానికి వచ్చాడు.

"తాతా, నాకు కాషాయం ఇయ్యి" అన్నాడు.

ఈరప్ప తాత ఆ చుట్టుపక్కల పేరున్న అవధూత. పేరుందన్న మాటేగానీ ఆయన దగ్గర పెద్ద పూజలేమీ ఉండవు. ఊరికీ, మద్దిలేటి ఉండే పేటకీ నడుమ, రోడ్డు పక్కన రెండు గదుల మఠం. ఎండాకాలం వస్తే దాని ముందు పందిరేసి, చలివేంద్రం పెట్టి, దారిన పోయేవాళ్లకు నీళ్లు పోస్తాడు. ఆయన పూజంతా అదే. మద్దిలేటి వచ్చేసరికి పందిరి మీద జొన్నసొప్ప సర్దుతున్నాడు.

"ఒక రంగు గుడ్డ తీసేసి ఇంకో రంగు గుడ్డ అడుగుతా ఉండావే" అన్నాడు కిందికి చూడకుండానే. "ఏమైందిరా?"

మద్దిలేటి పందిరి గుంజకు ఆనుకుని చెప్పుకొచ్చాడు.

పోయిన పెద్ద ఎలక్షన్లలో అతనికి మొదటిసారి ఓటు వచ్చింది. వేసి ఊరుకోలేదు. పార్టీ కోసం తిండి మానేసి తిరిగాడు. పేటలో ప్రతి గడపా ఎక్కి, వీధివీధికీ కొళాయి వస్తుందని తన నోటితో చెప్పాడు. నాయకుడు పేటకు వచ్చిన రోజున మద్దిలేటి చిన్నవ్వ తిమ్మక్క బిందెలోంచి నీళ్లు అడిగి తాగి, "అవ్వా, మళ్లీ వచ్చినప్పుడు నీ ఇంటి కొళాయి నీళ్లే తాగుతా" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. మద్దిలేటికి కళ్ల నీళ్లు ఆగలేదు.

పార్టీ గెలిచింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టయింది. పైపులైతే వచ్చాయి. పేట మొదట్లో దించితే పిల్లలు వాటిలో దూరి ఆడుకున్నారు. తర్వాత ఒకరోజు లారీలొచ్చి ఆ పైపులన్నీ ఎత్తుకెళ్లాయి. వాటిని నాయకుడి బావమరిది వేసిన ఇళ్లస్థలాల వెంచర్‌లో పాతిపెట్టారు. మద్దిలేటి అడగబోతే నాయకుడింట్లో పొద్దున్నుంచీ కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాటాక, "సారు వెనక గేటు నుంచి ఎప్పుడో పాయె" అన్నారు.

"ఇంక జన్మలో ఓటు ముట్టను తాతా. అన్నీ ఒకటే. అంతా మోసమే. మళ్లీ మున్సిపల్ ఎలక్షన్లొచ్చినాయి. పేటోళ్లు ఈసారి ఎవరికెయ్యాలని నన్నే అడుగుతా ఉండారు. నేను ఏ మొగం పెట్టుకుని చెప్పేది? అందుకే వచ్చేసినా."

"తిమ్మక్క ఏమంటాది?" అన్నాడు తాత.

మద్దిలేటి తల తిప్పుకున్నాడు.

తిమ్మక్క అతని అవ్వకు చెల్లెలు. తల్లి పోయాక పెంచింది ఆమే. చదువు లేదు, ఎలక్షన్ల మీద ఆసక్తీ లేదు. మద్దిలేటి చెప్పాడని వెళ్లి ఓటేసి వచ్చింది. పార్టీ గెలిచిన ఏటి ఎండాకాలంలో బిందె దించుకుంటూ, "కొళాయి మాట ఏమాయెరా?" అని ఒక్కసారి అడిగింది. మద్దిలేటి కస్సుమన్నాడు. "నీకేం తెలుసవ్వా! కొత్త సర్కారు, టైం పడతాది. మా పార్టీని ఒక్క మాటంటే ఊరుకోను." ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. బిందె ఎత్తుకుని బోరింగు దగ్గరికి నడవడం మాత్రం మానలేదు.

ఇది మద్దిలేటి తాతకు చెప్పలేదు. తాత కూడా గుచ్చి గుచ్చి అడగలేదు. పందిరి దిగి చేతులు దులుపుకున్నాడు.

"కాషాయం మాట ఎండలు పోయినాక చూస్తాం. ఇప్పుడు నాకు బాన కావాల. నిరుటిది పగిలిపాయె. పా, కుమ్మరి గిడ్డయ్య దగ్గరికి పోదాం."

గిడ్డయ్య కొట్టంలో బానలు వరసగా బోర్లించి ఉన్నాయి. తాత ఒక మూల కూర్చుని, "నువ్వే ఎంచరా" అన్నాడు.

మద్దిలేటి ఒక్కో బాననూ లేపి, వేళ్లు మడిచి కణుపులతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకటి బొదబొదమంది. "ఓటిది" అని పక్కన పెట్టాడు. ఇంకోటి బాగానే మోగింది, అయినా తిప్పి అడుగున మళ్లీ కొట్టాడు. "ఇదీ ఓటిదే."

"పెండ్లికూతురిని కూడా ఇన్ని సార్లు చూడరు కదప్పా!" అన్నాడు గిడ్డయ్య.

"నీళ్లు పోసే బాన. చూసుకోవద్దా?" అన్నాడు మద్దిలేటి.

తాత గడ్డం గోక్కున్నాడు, అంతే.

చివరికి కంచులా ఖణేల్మన్న బాన ఒకటి దొరికింది. పందిరి కింద ఇసుక పోసి, తడిపి, దాని మీద కూర్చోబెట్టారు. "దినమూ పొద్దున్నే కడుగు, కొట్టి చూడు, తర్వాత నీళ్లు పోయి" అని తాత ఒక్క మాట చెప్పి లోపలికి పోయాడు.

మద్దిలేటి మఠంలోనే ఉండిపోయాడు. మొదట్లో తాత చెప్పినట్టే చేశాడు. తర్వాత ఆ బాన మీద అతనికి ప్రేమ పుట్టుకొచ్చింది. నీళ్లు చల్లగా ఉండేవి. తాగినవాళ్లంతా "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనేవారు. ఆ మెప్పు తనకే అన్నట్టు అతను పొంగిపోయేవాడు. బానకు అడ్డంగా విబూది రేకలు దిద్దాడు. మెడకు కనకాంబరాల దండ వేశాడు. ఆ తర్వాత కొట్టి చూడటం మానేశాడు. దండ వేసిన బానను ఎవరైనా వేళ్లతో కొడతారా?

ఒకరోజు తిమ్మక్క బోరింగు నుంచి వస్తూ నీడకు ఆగింది. నీళ్లు తాగి, వంగి బాన అడుగు చూసింది.

"కింద తడి ఎక్కువుంది రా. ఒకసారి చూడు. ఓటిపోయిందేమో."

"మా బానా? అది చెమ్మ అవ్వా. మంచి బాన చెమ్మ పడతాది. నీకేం తెలుసు!"

తిమ్మక్క లోటా బోర్లించి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. లోపల గడప దగ్గర కూర్చున్న తాత విన్నాడు. విన్నట్టు కనపడలేదు.

కొన్నాళ్లకు పొద్దున్నే లేచి చూస్తే బాన ఖాళీ. రాత్రి నింపిన నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయాయి. అడుగున బీట జానెడు పాకింది. మద్దిలేటి నెత్తిన చేతులు పెట్టుకుని, "తాతా, మోసం చేసింది!" అని అరిచాడు.

తాత వచ్చి బానను చూశాడు. లోపలి నుంచి చాప తెచ్చి పందిరికి అడ్డంగా కట్టేశాడు. దాని ముందు తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది తాతా ఇది?"

"చలివేంద్రం మూసేసినా. బాన మోసం చేసింది. ఇంక ఈ జన్మలో నీళ్లు ముట్టను."

వేళాకోళం అనుకున్నాడు మద్దిలేటి. పొద్దెక్కింది. జొన్న బస్తాల బండివాడు ఆగి నీళ్లడిగితే, "లేవప్పా, బానలన్నీ ఒకటే, అంతా మోసమే" అని పంపేశాడు తాత. వాడు తాతకు ఎండదెబ్బ తగిలిందేమోనని తిరిగి తిరిగి చూసుకుంటూ పోయాడు. తాత పెదవులు ఎండిపోతున్నాయి. లోపల ఇత్తడి బిందె నిండా నీళ్లున్నాయి. మద్దిలేటి లోటాతో తెచ్చిస్తే తాత మొహం తిప్పుకున్నాడు. మద్దిలేటికి భయం వేసింది.

ఎండ మాడు పగలగొట్టే వేళకు తిమ్మక్క వచ్చింది. ఆ రోజు బోరింగు చెడిపోయిందట. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, కాళ్లు తడబడుతూ వచ్చి పందిరి గుంజ పట్టుకుంది. నోట మాట రావడం లేదు. నీళ్లు కావాలని చేత్తో చూపించింది.

"లేవమ్మా. పో" అన్నాడు తాత.

మద్దిలేటికి ఒళ్లు మండిపోయింది. తాత అన్న భయమూ లేదు, భక్తీ లేదు.

"ఏం మనిషివి తాతా నువ్వు! బాన పగిలితే ఇంకో బాన తెస్తాం. పగిలింది బాన. ఆమె దప్పికేం చేసింది?"

అనేసి, అక్కడే ఆగిపోయాడు. తన మాట తన చెవిన పడింది.

తాత అతని వైపే చూస్తున్నాడు. కళ్లలో కోపం లేదు, నవ్వూ లేదు.

మద్దిలేటి చాప పీకి పారేశాడు. తిమ్మక్కను చెయ్యి పట్టి నీడలో కూర్చోబెట్టి, లోపలి బిందెలోంచి నీళ్లు తెచ్చి లోటా ఆమె నోటికి పెట్టాడు. ఆమె గుటకలు వేస్తుంటే సగం నీళ్లు చీర మీద పడ్డాయి. రెండో లోటా తాగాకగానీ ఆమెకు మాట రాలేదు.

"బాన ఏమాయెరా?" అంది.

"ఓటిపోయిందవ్వా. నువ్వు ఆ పొద్దే చెప్పితివి."

"చెప్పితినా?" తిమ్మక్కకు నిజంగానే గుర్తు లేదో, లేనట్టు నటించిందో. "ముసలిదాన్ని, ఏదో వాగుతా ఉంటా."

 పార్టీ మోసం చేసిందని మద్దిలేటి ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఈమె నోరు నొక్కింది పార్టీ కాదు. ఆ పని చేసింది తనే. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, కొంగుతో మొహం కప్పుకుని, చిన్నప్పటిలా ఏడ్చాడు. ఎందుకో ఆమె అడగలేదు. తల మీద చెయ్యి వేసి, "ఎండకు పోయి తిరగొద్దంటే వినవు కదరా" అని మాత్రం అంది.

తాత ఈలోగా తానూ లోటాడు నీళ్లు తాగి, పగిలిన బానను ఎత్తి పక్కన పెట్టాడు. దాని దండ తీసి తులసి మొక్కకు వేశాడు.

తిమ్మక్క అలసట తీర్చుకుని లేవబోతూ అసలు సంగతి చెప్పింది. మర్నాడు పేటకు రెండు పార్టీల వాళ్లూ ఓట్లడగడానికి వస్తున్నారట. పేటోళ్లంతా ఆమెనే పంపారు, మద్దిలేటిని పిలుచుకు రమ్మని.

"వస్తా అవ్వా" అన్నాడు మద్దిలేటి. తాత వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "తాతా, నాకు కాషాయం వద్దు. పేటకు పోతా. ఓటూ ఎయ్యాల్సిందే, తెలిసింది. కానీ నా ఎంపిక మీద నాకిప్పుడు నమ్మకం లేదు. ఎవరికెయ్యాలో నువ్వు చెప్పు. నువ్వెవరి పేరంటే పేటంతా వాళ్లకే ఎయ్యిస్తా. నీ మాటకు తిరుగు లేదు."

తిమ్మక్క కూడా ఔనన్నట్టు దండం పెట్టింది.

తాత మద్దిలేటి ముందుకు వచ్చి, ఇసుకలో బాన కూర్చున్న గుంట పక్కనే చతికిలబడ్డాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పేశాడు. నున్నటి బోడి తలను ముందుకు వంచి, సరిగ్గా మద్దిలేటి చేతికి అందేటట్టు పెట్టాడు.

"కొట్టి చూడు" అన్నాడు.

మద్దిలేటి వేళ్లు మడిచాడు. చెయ్యి లేవలేదు.

తాత తల ఎత్తలేదు. కొట్టేదాకా ఎత్తేటట్టు లేడు.