రాజుగారి ధ్యానం, విస్సన్న గట్టిమేళం

మణిమంతం అని ఒకానొక రాజ్యం ఉండేది. ఊరికే ఉండడం కాదు, తెల్లారిన దగ్గర్నుంచీ గలగలలాడుతూ ఉండేది. దాన్నేలే దుర్జయ భూపాలుడు సంగీతమంటే చెవి కోసుకునేవాడు. వీధిలో ఎవడైనా అపస్వరం పలికితే చాలు, చేతిలో ముద్ద విస్తట్లో పడేసి మరీ తిట్టేవాడు.

అలాంటి రాజుకు ఏదో చిరాకు పట్టుకుంది. నిద్ర లేదు, తిన్నది ఒంటబట్టదు, అయినదానికీ కానిదానికీ కోపం. సరిగ్గా అప్పుడే నిశ్చలానందస్వామి పల్లకీలో వచ్చి దిగాడు.

"ధ్యానం చెయ్యి రాజా! మనశ్శాంతి అదే వస్తుంది."

రాజు కళ్ళు మూసుకు కూర్చున్నాడు. శాంతి రాలేదు గాని ముక్కు మీద దురద వచ్చింది.

"లోపం నీది కాదు, ఊరిది. ఇంత రొదలో ఎవరికి కుదురుతుంది?" అన్నాడు స్వామి.

అంతే, దండోరా పడింది. దండోరా వేసినవాడు కూడా డప్పు కొట్టకుండా, గుసగుసగా చెప్పిపోయాడు. రాజుగారు ధ్యానంలో ఉన్నంతసేపూ ఊళ్ళో చప్పుడు కూడదు! ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కారు. కమ్మరి కొలిమి చల్లారింది. రోకళ్ళు అటకెక్కాయి. పసిపిల్లలు ఏడిస్తే తల్లులకు చీవాట్లు.

నెల తిరక్కుండానే స్వామి నిండుకొలువులో చాటాడు. "మహారాజుకు సమాధి కుదిరింది! ఇక చెవి పక్కన పిడుగు పడ్డా వినపడదు!"

రాజు పొంగిపోయి స్వామికి ఇంకో పల్లకీ ఇచ్చాడు. దండోరా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ కొలువులో హాస్యం చెప్పే విస్సన్నకు పెళ్ళి కుదిరి ఉంది. పిల్ల పేరు చెంగల్వ. మలుపు తిరక్కముందే ఆమె కాలి మువ్వలు వినపడేవి, ఇతగాడి గుండె ముందే లేచి నిలబడేది. ఇప్పుడు ఆ మువ్వలు పెట్టెలో ఉన్నాయి. ఆమె వెన్నెల నడిచినట్టు చప్పుడు లేకుండా వస్తోంది. అందంగానే ఉంది, కానీ విస్సన్నకు ఏడుపొచ్చింది.

అంతకంటే పెద్ద ఏడుపు మామగారు నరసంభట్లు తెచ్చిపెట్టాడు.

"ముహూర్తం పొద్దుటిపూట, రాజుగారి ధ్యానం వేళకే పడింది. మేళం లేకుండా మూడుముళ్ళేమిటయ్యా? తాళి కట్టే క్షణాన ఎవడో తుమ్మితే? ఆ తుమ్ము వినపడకుండానే కదా గట్టిమేళం! నీ వల్ల కాకపోతే చెప్పు, పొరుగూరి సంబంధం చూసుకుంటాను. అక్కడ డోళ్ళు మోగుతాయి."

తలుపు చాటునుంచి చెంగల్వ చూసింది. ఆ చూపుకు విస్సన్న ప్రాణం పోయి మళ్ళీ వచ్చింది.

"మోగిస్తాను మామా! అదీ రాజుగారి కోటగోడ పక్కనే మోగిస్తాను. తల పోతే నాదే పోతుంది."

అన్నమాట ప్రకారం పందిరి కోటగోడకు ఆనించే వేశాడు. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం లేచింది. ఊరు ఊరంతా నెలరోజుల మౌనం ఆ డోళ్ళ మీద తీర్చుకుంది. తాళి కట్టి విస్సన్న తలెత్తేసరికి, ఎదురుగా భటులు.

పెళ్ళిబట్టలతోనే కొలువులోకి ఈడ్చుకొచ్చారు. వెనకాలే చెంగల్వ, ముఖాన పసుపు, కళ్ళనిండా నీళ్ళు.

"ఎంత పొగరురా! నా ఆజ్ఞనే కాదంటావా?" రాజు గర్జించాడు.

"తమకు వినపడిందా ప్రభూ?"

రాజు నోరు తెరిచాడు. స్వామి గబుక్కున దగ్గాడు. వినపడిందంటే సమాధి అబద్ధం, ఇచ్చిన పల్లకీ దండగ. రాజు గొంతు సవరించుకున్నాడు.

"నాకెందుకు వినపడుతుంది? భటులు చెప్పారు."

"అదీ సంగతి! పైగా మేం భయభక్తులతోనే వాయించాం ప్రభూ. జోలపాటల నీలాంబరి రాగం, మెల్లగా, ఒక్క అపస్వరం లేకుండా..."

"నీలాంబరా!" రాజు సింహాసనం మీంచి ఎగిరిపడ్డాడు. "ఆనందభైరవిరా అది! అదైనా ఆ సన్నాయివాడు సవ్యంగా వాయించాడా? మధ్యలో శ్రుతి తప్పాడు, ఆ డోలువాడు దాన్ని కప్పిపుచ్చుకొచ్చాడు!"

కొలువులో అందరి కళ్ళూ స్వామి వైపు తిరిగాయి.

విస్సన్న దండం పెట్టాడు. "తమ సమాధి మహా గొప్పది ప్రభూ. పిడుగు వినపడదు, రాగం మాత్రం వినపడుతుంది! తమకు రాని శాంతి కోసం ఊరి నోరు కుట్టారు. కళ్ళు తమరు మూసుకున్నారు, ఊపిరి బిగబట్టింది మేం. ఈ నెలలో తమకు నిద్రైనా పట్టిందా?"

రాజు ముఖం ఎర్రబడింది. చెంగల్వ గుడ్లప్పగించి చూస్తోంది. రాజు తన చేతివంక చూసుకున్నాడు. సింహాసనం పక్కపట్టె మీద వేళ్ళు ఇంకా ఆనందభైరవికి తాళం వేస్తూనే ఉన్నాయి.

పకాలున నవ్వాడు. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాడు.

"పట్టలేదురా దొంగా! ఊరు మూగబోయాక నా చిరాకే చెవిలో హోరెత్తింది. ఇవాళ మేళం విన్నాకే ప్రాణం లేచొచ్చింది!"

అప్పటికప్పుడు దండోరా ఎత్తేశారు, ఈసారి డప్పు కొట్టి మరీ. స్వామివారి రెండో పల్లకీ పెళ్ళికూతురికిచ్చారు. స్వామి నోరెత్తబోతే, "నిశ్చలంగా ఉండండి స్వామీ," అన్నాడు రాజు.

విస్సన్నకు ఊరొకటి రాసిచ్చి, చెంగల్వకు వెండి మువ్వల పట్టీలు తెప్పించాడు. పల్లకీ ఉన్నా ఆ పిల్ల ఎక్కలేదు. మువ్వలు ఘల్లుఘల్లుమనిపిస్తూ కోటవీధి పొడుగునా నడిచే వెళ్ళింది.

ఆ చప్పుడు దూరమయ్యేదాకా రాజు కళ్ళు మూసుకునే విన్నాడు. మూసిన కళ్ళు అలాగే నిద్రలోకి జారాయట.