పోగులమ్మ కట్టు

నల్లమల అంచున, ఎర్రగుట్ట దిగువన ఉన్న పోగులపాడుకు వచ్చే భక్తులు ముందుగా అడిగేది గుడి ఎక్కడని. ఇక్కడ గోపురం లేదు, ప్రహరీ లేదు. వాగు ఒడ్డున ఆరుబయట వెలసిన నిలువెత్తు రాయే పోగులమ్మ అమ్మవారు. ఆమె నడుముకు పసుపు నూలు తప్ప మరో అలంకారం ఉండదు. పట్టుచీర తెచ్చినవారు నొచ్చుకోనక్కరలేదు. దానిని అమ్మ పాదాల దగ్గర ఉంచి, పెళ్లి కావలసిన పేదింటి పిల్లకు ఇచ్చేస్తారు.

పూర్వం ఇక్కడ ఎర్రగుట్టపాడు అనే పల్లె ఉండేది. దానికి పెద్దకాపు చెన్నారెడ్డి. మనసు మంచిదే గాని, పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఏటా ఎండాకాలం చివర ఊరి చుట్టూ పసుపుదారం కట్టడం ఆనాటి ఆచారం. ఇంటింటి పత్తితో వడికిన ఒకే పోగు అది. మధ్యలో అతుకు పనికిరాదు. రెండు కొసలూ కలిపి ముడివేస్తే లోపలివారి జోలికి ఏ జబ్బూ రాదని నమ్మకం. బయట మిగిలినవారు జాతర ముగిసేదాకా ఊళ్లో కాలుపెట్టరాదు, బావినీళ్లు ముట్టరాదు.

ఆ రోజులలో ఎద్దుల మీద ఉప్పు మోసే లంబాడీలు కనుమ దాటి వస్తూ పోతూ ఉండేవారు. ఒక కరువులో వారి ఎడ్లన్నీ చచ్చిపోయాయి. కదలలేక వాగు అవతల గుడిసెలు వేసుకున్నారు. బీళ్లు కొట్టి, జొన్న చల్లి, అక్కడే నిలిచిపోయారు. ఊరివారు వారిచేత పని చేయించుకున్నారు గాని తమవారనుకోలేదు.

ఆ ఏడు గత్తర, అదే కలరా, వచ్చింది. పక్క పల్లెలు ఖాళీ అయ్యాయి. చెన్నారెడ్డి మనవరాలు నాగమునెమ్మ వాంతులతో మంచాన పడింది. పొద్దు గుంకేలోగా ఊరికి దారం కట్టు పడితేనే బిడ్డ దక్కుతుందని, ఊరి కొలుపులు చేసే ఆసాది చెప్పాడు. కొడుకూ కోడలూ పోయాక చెన్నారెడ్డికి మిగిలింది ఆ ఒక్క పసిప్రాణమే. ఆయన నూలు కండె ఎత్తించి బయలుదేరుతుండగా తండా నుంచి కేస్లీ అనే ఆమె ఎదురొచ్చింది.

"రెడ్డీ, మమ్మల్ని గూడా లోపలేసి చుట్టండి. మా పిల్లోల్లూ పిల్లోల్లే గదా."

"నూలు ఊరికి సరిపోయేంతే వడికినారమ్మా. మీకు గూడా అంటే యాడ సాలుతుంది? అయినా మీరు రేపో మాపో పొయ్యేటోల్లు."

"మా ఆయన్ని ఈ మట్టిలోనే పూడ్చినాం. ఇంగ యాడికి పోతాం?"

చెన్నారెడ్డి కండె వెంట ముందుకు సాగాడు. ఆయన ధ్యాసంతా ఇంట్లో ఉన్న బిడ్డ మీదే ఉంది.

దారం ఊరు చుట్టి వచ్చింది. కాని కొసలు కలవలేదు! నిరుటి దారే, నిరుటికన్నా ఎక్కువ నూలే. అయినా మధ్యలో మనిషి పొడుగు ఎడం. చుట్టు తగ్గిద్దామని, తాతల కాలంలో వలస వచ్చిన గొర్లకాపరుల ఇళ్లను బయట వదిలి మళ్లీ చుట్టారు. ఎడం బండి పట్టేంత అయింది. సాలెవారిని కూడా వదిలారు. ఆ దారం వడికిందే వారు! ఈసారి ఎడంలోంచి మంద తోలుకుపోవచ్చు. తగ్గించినకొద్దీ చాలకపోవడం ఎవరెరుగుదురు?

అప్పుడు సాలె బాయమ్మ అంది: "ఇంగ మిగిలింది మీ వీధే గదా రెడ్డీ. మీ తాత గూడా తుంగభద్ర అవతల నుంచి బండి కట్టుకోని వచ్చినోడే. మిమ్మల్నీ తీసేస్తే సాలుతుందేమో సూద్దామా?"

చెన్నారెడ్డి దారం కొస చేత పట్టుకొని మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్కడే కూలబడ్డాడు. రెప్ప వాలింది. వాగు నీళ్లలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. అద్దాల లంగా, మోచేతుల పైదాకా దంతపు గాజులు. రెండో కొస ఆమె చేతిలో ఉంది.

"చెన్నారెడ్డీ, నన్ను బయటపెట్టి ఎవురికిరా కాపలా కడతాండావు?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. కండె తానే ఎత్తుకొని నడిచాడు. సాలెవారి ఇళ్లు చుట్టాడు, గొర్లకాపరుల ఇళ్లు చుట్టాడు, వాగులో దిగాడు. గుడిసెలు పీకేయడానికి వస్తున్నారనుకొని కేస్లీ పిల్లలను వెనక్కు లాక్కుంది. ఆయన గుడిసెలు చుట్టి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"తప్పయిపోయింది తల్లీ. పట్టుకో," అన్నాడు.

ఇందాక అయిపోయిన కండె ఇప్పుడు వదులుతున్నకొద్దీ వస్తూనే ఉంది. చిన్న చుట్టుకు చాలని నూలు పెద్ద చుట్టుకు చాలి, పైగా జానెడు మిగిలింది. కేస్లీ ముడి వేసింది. ఆమె పాదాల ముందు నేల నెర్రెవిచ్చి, నడుముకు నూలుగీత ఉన్న రాయి పైకి లేచింది. ఊరూ తండా ఒక్కటిగా సాగిలపడ్డాయి. దీపాలవేళకు నాగమునెమ్మ కళ్లు తెరిచి గంజి అడిగింది.

ఆనాటి నుంచి తండావారికి బావినీటిలో, బీళ్ల మేతలో, రచ్చకట్ట మీది మాటలో ఊరివారితో సమానమైన హక్కు వచ్చింది. అది దయతో ఇచ్చిన దానం కాదనీ, అమ్మ పెట్టిన ఆనవాయితీ అనీ పెద్దలు గట్టిగా చెబుతారు.

నేటికీ జాతరనాడు ముడి వేసే హక్కు ఊరికి అందరికన్నా చివర వచ్చినవారిదే. ఆ దారపు పోగు చేతికి కట్టుకొన్నవారికి పరాయిచోట కూడా నీడ దొరుకుతుందని, పసిబిడ్డలకు ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. ముడికి ముందు ఆసాది నాలుగు దిక్కులకూ తిరిగి, "ఇంకా ఎవరైనా బయటున్నారా?" అని కేకవేస్తాడు. నిరుడు, ఒడిశా నుంచి కొత్తగా వచ్చినవారు పనిచేసే ఇటుకబట్టీల వైపు నుంచి ఒక ఆడగొంతు బదులు పలికింది. ఆ భాష ఇక్కడ ఎవరికీ రాదు. దారం పట్టుకొని అందరూ అటు నడిచారు.