దండు దీవెన

అనగనగా ఒక అడవిలో, ఆ అడవికి అవసరం లేనంత పెద్ద దండు ఉండేదర్రా. కొండ వాలు మీద దాని మకాం. దానికి సేనాపతి ఒక ఎలుగుబంటి. పేరు భైరవసేనుడు. ఛాతీ నిండా బిళ్ళలు, పక్కన బాకా ఊదేవాడు, నడకలో ఊపు, అబ్బో, చూసి తీరాల్సిందే! శత్రువు ఎవరని మాత్రం అడక్కండి. ఆ అడవి మీదికి ఏ శత్రువూ ఎప్పుడూ రాలేదు. "వస్తే అప్పుడు చూడండి మా తడాఖా!" అని ఎలుగుబంటి బొచ్చు దువ్వుకునేవాడు.

శత్రువు రాకపోతే దండుకి పొద్దు గడవాలి కదా? అందుకని నిప్పార్పే కసరత్తు పెట్టుకున్నారు. గోతిలో ఎండుగడ్డి పోసి వాళ్ళే అంటించేవాళ్ళు, వాళ్ళే ఆర్పేవాళ్ళు, వాళ్ళే చప్పట్లు కొట్టుకునేవాళ్ళు. ఆర్పడానికి ఒక తెల్ల నురుగు ఉండేది. కుంకుడు రసంలో ఏవేవో మందులు కలిపి చేసేవారట. ఏం మందులో కలిపేవాళ్ళకే తెలియదు. ఆ నురుగంతా గోతిలోంచి పొంగి, కొండ దిగి, కింద వాగులో పడేది.

వాగు పక్కన ఉండే జంతువులు ఏం చేసేవో తెలుసా? ఆ నురుగు తీసి పిల్లల నెత్తిన పెట్టేవి! "దండు దీవెనర్రా, తల వంచండి" అనేవి. జ్వరం వచ్చిన పిల్లకైతే ఒళ్ళంతా పూసేవి. బుద్ధి ఉండక్కర్లేదూ?

గవరమ్మ అనే బాతు కూడా తన పిల్లలకి అలాగే పెట్టింది. ఒకరోజు పిల్లల్ని వెంటేసుకుని వాగులో దిగింది. బాతు రెక్కలకి నూనె ఉంటుంది, నీళ్ళు అంటవు. అలాంటిది నురుగుకి ఆ నూనె కాస్తా పోయి, ఆవేళ పిల్లల రెక్కలు గుడ్డపీలికల్లా తడిసి ముద్దయిపోయాయి. పిల్లలు తేలలేదు. గవరమ్మ ముక్కుతో ఒక్కొక్కదాన్నే పట్టి ఒడ్డుకి లాగింది. చివరిది అందలేదు. మునిగిపోయింది. గవరమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నవాళ్ళెవరికీ ఆ పూట తిండి సయించలేదు.

ఏడ్చి ఏడ్చి, తిన్నగా సేనాపతి దగ్గరికి వెళ్ళింది.

"దొరా, మీ నురుగు పడ్డ నీళ్ళలో నా పిల్లలు మునిగిపోతున్నారు. ఒక బిడ్డ పోయింది" అంది.

"నీ పిల్లలకి ఈత రాకపోతే అది దండు తప్పా?" అన్నాడు ఎలుగుబంటి.

"బాతు పిల్లకి ఈత రాకపోవడం ఏమిటి దొరా!"

"ఈ కాలం పిల్లలంతే, సుకుమారం ఎక్కువ. పొద్దున్నే లేపి కవాతు చేయించు" అని బాకా ఊదించుకుంటూ లోపలికి పోయాడు. సిగ్గూ శరం లేనివాడు!

గవరమ్మ ఊరుకోలేదు. మళ్ళీ వెళ్ళింది. ఈసారి సేనాపతి నీళ్ళు పరీక్ష చేయడానికి ఒక కొంగని పంపాడు. ఆ కొంగకి నీడా దండుదే, తిండీ దండుదే. మకాం వెనక కొండ ఊటలో చేపలు తిని పెరిగిన ఒళ్ళు దానిది. వాగులో ఒంటికాలి మీద నిలబడింది. కళ్ళు మూసుకుంది. ముక్కు కొస ముంచి తీసింది.

"రంగు లేదు. వాసన లేదు. కాబట్టి దోషమూ లేదు" అంది.

"అయ్యా, మీ కాళ్ళ దగ్గరే చేప తిరుగుతోంది. నీళ్ళు అంత మంచివైతే పట్టుకుని తినండి" అంది గవరమ్మ.

కొంగ కాలు మార్చింది. "ఇవాళ నేను ఉపవాసం" అంది.

అక్కడే ఉన్న దున్నపోతుకి ఒళ్ళు మండిపోయింది. కొంగ మీద కాదర్రా, గవరమ్మ మీద! "మనల్ని కాపాడే దండుని అనుమానిస్తావా? కళ్ళు పోతాయి!" అని కసిరాడు. దున్నపోతు కదా, అంతకన్నా ఏమంటాడు?

కొన్నాళ్ళకి ఆ దున్నపోతు దూడే మేత మానేసింది. పొట్ట ఉబ్బింది. దీవెన కదా అని ఇంకాస్త నురుగు పూశాడు. జబ్బు ఇంకా ముదిరింది. అప్పుడు తల దించుకుని గవరమ్మ దగ్గరికి వచ్చాడు.

"తప్పయిపోయిందమ్మా. నా దూడ దక్కేలా లేదు. పద, నేనూ వస్తాను" అన్నాడు.

మూడోసారి అందరూ కలిసి వెళ్ళారు. "దొరా, కసరత్తు మానమని అనడం లేదు. ఇసకతో ఆర్పుకోండి, మట్టితో ఆర్పుకోండి. ఆ నురుగొక్కటి ఆపండి. మా పిల్లలు బతుకుతారు" అని గవరమ్మ బతిమాలింది.

ఇక్కడ బాగా వినండి. నురుగు మంచిది కాదని ఎలుగుబంటికి తెలియక కాదు. దాన్ని కలిపే సైనికుల గోళ్ళు ఊడిపోవడం కళ్ళారా చూశాడు. ఆపేస్తే సరిపోయేది. కానీ ఆపితే తప్పు ఒప్పుకున్నట్టేనట! అంత పెద్ద సేనాపతి, తప్పు ఒప్పుకోవడమే? అందుకని ఒక ఘనమైన ఆలోచన చేశాడు.

"నురుగు కనబడితేనే కదా మీ గోల? రేపట్నుంచి కనబడదు, పొండి" అన్నాడు.

కొండ నెత్తిన కొత్త గొయ్యి తవ్వించాడు. అక్కడ రాళ్ళన్నీ పగుళ్ళే. పోసిన నురుగు పోసినట్టే కొండ తాగేసింది. వాగు మీద తెలుపు పోయింది. అది చూసి జంతువులన్నీ "మా సేనాపతి దేవుడు!" అని దండాలు పెట్టాయి. ఎంత తొందరగా మురిసిపోతారర్రా ఈ జనం!

గవరమ్మ మురిసిపోలేదు. తన ఈక ఒకటి వాగులో వేసింది. అది తడిసి మునిగిపోయింది.

"కనబడకపోతే లేనట్టా? ఇన్నాళ్ళ మందూ అడుగున పేరుకుంది, ఈ నీళ్ళు ఇప్పట్లో బాగుపడవు. నేను పిల్లల్ని తీసుకుని అవతలి అడవికి పోతున్నాను. వచ్చేవాళ్ళు రండి" అంది.

దూడని వీపున వేసుకుని దున్నపోతు బయల్దేరాడు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ కదిలారు. పొలిమేరలో ఎలుగుబంటి దారికి అడ్డం నిలబడ్డాడు.

"మీరు పోతే మేం ఎవరిని కాపాడాలి?" అని గర్జించాడు.

"ఇన్నాళ్ళూ ఎవరి నుంచి కాపాడారు దొరా? శత్రువు రానేలేదు. నా బిడ్డని మింగింది మీ నురుగే. తప్పుకోండి" అంది గవరమ్మ.

ఎలుగుబంటి పక్కకి తప్పుకున్నాడు.

మరి కొండ తాగిన నురుగు ఎక్కడికి పోతుంది? పగుళ్ళ వెంట దిగి దిగి, మకాం వెనక ఊటలో కలిసింది. దండు తాగేది ఆ నీళ్ళే. కొంగ ఈసారి ముక్కు ముంచకుండానే ఎగిరి పారిపోయింది. సైనికులు మంచాన పడ్డారు. సేనాపతి గారాల కూతురికి బొచ్చంతా రాలిపోయింది. తిన్నదల్లా కక్కుకుంటూ, లేవలేని స్థితికి వచ్చింది.

ఒక ఉదయం అవతలి అడవిలో గవరమ్మ ఉండే మడుగు గట్టుకి ఎలుగుబంటి వచ్చాడు. ఒంటి మీద బిళ్ళలు అలాగే ఉన్నాయి లెండి, అవి మాత్రం రాలవు! భుజాన పిల్ల, చేతిలో మకాం కుండ. తిన్నగా మడుగులో కుండ ముంచబోయాడు.

"ఆగు! నురుగు కలిపిన కుండ మా నీళ్ళలో పెట్టకు" అని అరిచింది గవరమ్మ.

ఎలుగుబంటి కుండ పక్కన పెట్టాడు. గవరమ్మ తామరాకులో నీళ్ళు పట్టి తెచ్చి పిల్ల నోటికి అందించింది. పిల్ల ఆబగా తాగి, కళ్ళు తెరిచి నాన్న వంక చూసింది. ఎలుగుబంటి తనకూ పొయ్యమన్నట్టు దోసిలి పట్టాడు.

"నీ పిల్లకి నేను నీళ్ళు పోశాను. నా పిల్లని నాకు ఎవరు తెచ్చిస్తారు?" అంది గవరమ్మ.

ఎలుగుబంటి దోసిలి అలాగే పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

నీతి: మనల్ని కాపాడుతున్నామని చెప్పేవాళ్ళని కూడా మన నీళ్ళలో ఏం కలుపుతున్నారో నిలదీసి అడగాలి, తప్పు మానకుండా దాచిపెట్టినవాడి ఇంటికీ ఆ విషం చేరుతుంది.