జులేఖా బీ లెక్క

కొండ మీది దర్గాకు వచ్చి నాలుగు నెలలైనా నుస్రత్ బేగ్ మనసు కుదుటపడలేదు.

అంతకుముందు తొమ్మిదేళ్ళు అతను ఆ దేశపు కేంద్ర బ్యాంకుకు గవర్నరు. ఆ తొమ్మిదేళ్ళలో అచ్చయిన ప్రతి నోటు మీదా అతని సంతకమే ఉండేది. యుద్ధం ముగిసిన ఏడాది ఉద్యోగం వదిలేసి, మిస్కీన్ షా అనే వృద్ధ ఫకీరు దగ్గర శిష్యుడిగా చేరాడు. నీళ్ళు మోసేవాడు, వంటశాల ఊడ్చేవాడు. ఏ పని చెప్పినా కాదనేవాడు కాదు. నమాజుకు నిలబడితే మాత్రం మనసు పాత సంగతుల మీదికే పోయేది.

ఒకరోజు పొద్దున్నే గురువుగారి ముందు కూర్చుని అంతా చెప్పుకున్నాడు.

తాతల కాలంలో ఆ దేశంలో షావుకార్లు ఎవరి నోట్లు వాళ్ళే అచ్చువేసుకునేవారట. ఒక కరువు ఏడాదిలో ఆ నోట్లన్నీ చిత్తుకాగితాలైపోయి, చేతిలో డబ్బుండీ జనం పస్తులతో చచ్చిపోయారు. అప్పుడు పెట్టారు కేంద్ర బ్యాంకును. ఖర్చు పెట్టే చెయ్యీ, నోటు వేసే చెయ్యీ ఒకటి కాకూడదని చట్టంలో రాసుకున్నారు. డబ్బు విలువ కాపాడటమే దాని మొదటి పని. గవర్నరుతో కలిపి ఏడుగురి మండలి ఆ పని చూసేది.

యుద్ధంలో ఖజానా ఖాళీ అయింది. నోట్లు అచ్చువేయమని మంత్రి వచ్చి అడిగాడు. మండలిలో ఆరుగురు సరేనన్నారు.

"నేను ఒప్పుకోలేదు హజ్రత్. ఇది తప్పని మండలి పుస్తకంలో రాయించాను. ఆ తర్వాతే సంతకం పెట్టాను," అన్నాడు నుస్రత్. "నేను చెయ్యవలసింది చేశాను కదా. మరి మనసెందుకు ఊరుకోదు?"

మిస్కీన్ షా వరండాలో బొంతలు కుడుతున్న జులేఖా బీని పిలిచారు.

"నీ పెట్టె తీసుకురా తల్లీ. లెక్కలు తెలిసిన మనిషి దొరికాడు."

జులేఖా బీకి అరవై దాటాయి. ఆమె భర్త ఖాదర్ మియా గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. బతికుండగా ఒక్కసారి హజ్ చెయ్యాలని ఇద్దరూ పద్నాలుగేళ్ళు కూడబెట్టారు. ఇద్దరికీ కలిపి పన్నెండు వందల దీనార్లవుతుందని ఓడ ఏజెంటు చెప్పాడు. నిండాయనుకున్న రోజున పెట్టె తీసుకుని రేవుకు వెళ్ళారు. ఏజెంటు పైపైన చూసి, ఇది ఓడలో మీ తిండికి కూడా చాలదని పెట్టె వెనక్కి నెట్టేశాడు.

ఆమె ఇదంతా తప్పు చేసినదానిలా నెమ్మదిగా చెప్పింది.

"మాకు చదువు రాదు సాహెబ్. తాళం నా దగ్గరే ఉండేది. లెక్క తప్పానో, ఎవరికైనా ఎక్కువిచ్చానో తెలీదు. నేనే ఎక్కడో పోగొట్టాననుకున్నాడు ఆయన. పోయిన చలికాలం, ప్రాణం పోయేముందు కూడా అదే అడిగాడు."

నుస్రత్ రేకు పెట్టె ముందు కూర్చున్నాడు. నోట్లు పదేసి చొప్పున, ఎర్ర దారంతో కట్టి ఉన్నాయి. అడుగు కట్టలు పాతవి, వాటి మీద అతనికంటే ముందున్న గవర్నరు సంతకం. పైన ఉన్నవన్నీ తనవే.

ఒకసారి లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. రెండోసారి అవసరం లేదు. తలెత్తడానికి ధైర్యం చాలక లెక్కపెట్టాడు.

"పన్నెండు వందలు. సరిగ్గా ఉన్నాయమ్మా."

"సరిగ్గా ఉన్నాయా?" ఆమె నమ్మలేనట్టు చూసింది. "మరి తప్పెక్కడ జరిగింది సాహెబ్?"

నుస్రత్ గురువుగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు. యుద్ధం గురించి చెప్పవచ్చు. ఖజానా గురించి, మంత్రి గురించి, ఆ ఆరుగురి గురించి చెప్పవచ్చు. అన్నీ నిజాలే. ఒక్కటీ నోటికి రాలేదు.

"మీరు లెక్క తప్పలేదమ్మా. మీరు దాచుకుంటూ ఉంటే, బయట మేం నోట్లు ఎక్కువగా అచ్చువేసి ఈ డబ్బుకు విలువ లేకుండా చేశాం." ఒక నోటు తీసి చూపించాడు. "ఈ సంతకం నాది."

జులేఖా బీ ఆ సంతకం మీద వేలు పెట్టి కాసేపు చూసింది. తిడుతుందని, శపిస్తుందని అతను తల వంచుకుని కూర్చున్నాడు.

"అయితే నేను పోగొట్టలేదు," అంది తనలో తాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కట్టలన్నీ ఎప్పటిలాగే పేర్చి, పెట్టెకు తాళం వేసింది.

"సాహెబ్, ఈ మాట ఆయన సమాధి దగ్గర ఒక్కసారి చెబుతారా? నేను చెబితే నమ్మడు."

నుస్రత్ లేచి నిలబడ్డాడు గానీ అడుగు పడలేదు.

మిస్కీన్ షా తస్బీ పక్కన పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా మెట్ల దగ్గరికి వచ్చారు. కష్టం మీద వంగి, అక్కడున్న శిష్యుడి చెప్పులు తన చేతుల్తో దారి వైపు తిప్పి పెట్టారు.