మీసం మీద చీనా కత్తి

రాజుగారి వంటవాడు కొండప్పకు తన మీసమంటే ప్రాణం. ఆ రోజు నిండు కొలువులో ఆ మీసానికే ముప్పు వచ్చింది.

రేవులో దిగిన చీనా వర్తకుడి దగ్గర కొండప్ప వంటింటి కోసం ఒక కత్తి కొన్నాడు. పదునుకు పేరుమోసిన డమాస్కస్ ఉక్కు పద్ధతిలో చేసిన కత్తి. కత్తి రేకు నిండా నీటి అలల్లాంటి చారలు. దివాను భుజంగరావు దాన్ని ఎగాదిగా చూసి పెదవి విరిచాడు.

"అసలు డమాస్కస్ కత్తి ఖరీదులో ఇది పదో వంతు కూడా లేదు ప్రభూ. చారలు చూపించి వీడికి అంటగట్టారు. దీంతో వెంట్రుక కూడా తెగదు. ఖజానా సొమ్ము తగలేసినందుకు వీడి మీసం తీయించాలి."

రాజుగారు తలూపి మంగలిని పిలిపించారు. ఆ కత్తి గుమ్మడికాయను వెన్నలా కోస్తుందని కొండప్పకు తెలుసు. కానీ దివాను మాటకు ఎదురు చెబితే వినేదెవరు?

"చిత్తం ప్రభూ," అన్నాడు చేతులు కట్టుకుని. "దీంతో వెంట్రుక కూడా తెగదని దివానుగారే సెలవిచ్చారు. నా మీసం తీసే ముందు, ఈ కత్తినే ఒక్కసారి వారి మీసం మీద ఆడించమనండి. వారి మాట నిజమైతే వారికి పోయేదేమీ లేదు కదా."

మంగలి ఆ కత్తి అందుకుని దివాను వైపు తిరిగాడో లేదో, భుజంగరావు రెండు చేతులతో మీసం కప్పేసుకున్నాడు.

రాజుగారు పగలబడి నవ్వారు. "కత్తి పదునెంతో దివాను చేతులే చెప్పాయి. కొండప్పా, కత్తి తీసుకుని వంటింటికి పో."

కొండప్ప హమ్మయ్య అనుకుని, మీసం తడుముకుంటూ బయల్దేరాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, దివాను ఇంకా చేతులు దించలేదు.