ఔబళయ్య పారబోసిన మందు

మీ తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల మాట ఇది. అనగనగా, వానలు విస్తారంగా కురిసే ఒక సీమలో సింగవాక అనే పట్నం ఉండేది. ఆ పట్నానికి రాజు మహీధరుడు. పట్నమంతటికీ వైద్యుడు ఒక్కడే. ఆయన పేరు ఔబళయ్య.

ఔబళయ్య మంచి వైద్యుడు. నాడి పట్టుకుంటే చాలు, రోగం ఎక్కడ దాక్కుందో చెప్పేవాడు. మందు తక్కువ ఇచ్చేవాడు, మంచి మాటలు ఎక్కువ చెప్పేవాడు.

“నీళ్లు కాచి తాగండి. తడిబట్టలతో కూర్చోకండి. వాకిట్లో మురుగు నిలవనీయకండి. వేళకు తినండి. అన్నిటికన్నా ముందు కంటినిండా నిద్రపోండి. నిద్ర చేసే వైద్యం నేను చెయ్యలేను.”

ఈ మాటలు రోజుకు నలభై మందికి చెప్పేవాడు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. విన్నవాళ్లందరూ తలూపేవాళ్లు. కొందరు పాటించేవాళ్లు. చాలామంది నెల తిరక్కుండా అదే రోగంతో మళ్లీ వచ్చేవాళ్లు. ఆయన మళ్లీ మొదటినుంచీ చెప్పేవాడు.

ఇలా ఇరవై ఏళ్లు గడిచాయి. పట్నం పెరిగింది. రేవు పక్కన కొత్త వాడలు లేచాయి. వైద్యుడు మాత్రం ఆ ఒక్కడే.

ఔబళయ్య భార్య నాచారమ్మ. ఆమె పొద్దున పెట్టిన చద్దన్నం మిట్టమధ్యాహ్నం దాకా ముట్టకుండా అలాగే ఉండేది. ఒకనాడు ఆమె ఉండబట్టలేక అడిగింది.

“ఏమండీ, మీలాంటి మనిషి రోగిగా మీ దగ్గరికే వస్తే ఏం చెబుతారు?”

ఔబళయ్య మందుల సంచి సర్దుకుంటూ అన్నాడు: “పది రోజులు మంచం దిగవద్దని చెబుతాను.”

“మరి?”

“వాకిట్లో పదిహేడు మంది ఉన్నారు నాచారూ,” అని లేచి వెళ్లిపోయాడు.

కానీ ఆ మాట ఆయన మనసులో తిరుగుతూనే ఉంది. మర్నాడు రాజుగారి సభకు వెళ్లాడు.

“ప్రభూ, నేను అలిసిపోయాను. నాకు తోడుగా ఇంకొక వైద్యుణ్ణి పిలిపించండి. అది కుదరకపోతే ఎనిమిది రోజులకొక రోజు నన్ను ఇంటిపట్టున ఉండనివ్వండి.”

మహీధరుడు చెడ్డవాడు కాదు. మర్యాద తెలిసినవాడు.

“మీ కష్టం నాకు తెలియనిదా వైద్యులవారూ! కానీ ఇది వానాకాలం, జ్వరాల రోజులు. వానలు వెలవనివ్వండి, చూద్దాం,” అన్నాడు. సభంతా చూస్తుండగా ఔబళయ్య భుజాల మీద పట్టుశాలువా కప్పాడు.

ఆ సంగతి పట్నమంతా పాకింది. ‘రాజుగారే శాలువా కప్పిన వైద్యుడు’ అనుకున్నారు. అంతవరకూ ఇంట్లోనే మిరియాల కషాయం కాచుకునేవాళ్లు కూడా వచ్చి వరసలో కూర్చున్నారు. నలభై మంది కాస్తా అరవై మంది అయ్యారు.

వానలు వెలిశాయి. ఔబళయ్య రెండోసారి వెళ్లాడు. మళ్లీ అదే మాట చెప్పాడు.

“ఇప్పుడు చలి మొదలైంది కదా, ఊరంతా దగ్గులే. చలి తగ్గనివ్వండి,” అన్నాడు రాజు. “అయినా ఇక మీరు నడవనక్కర్లేదు.” అని ఒక పల్లకీ, నలుగురు బోయీలను ఇచ్చి పంపాడు.

నడిచి వెళ్లే రోజుల్లో ఔబళయ్య పొద్దుగూకేలోగా మూడు వీధులు తిరిగేవాడు. పల్లకీ వచ్చాక ఏడు వీధులు తిరగవలసి వచ్చింది. పల్లకీలోనే కునుకు పట్టేది.

“అయ్యా, ఇల్లు వచ్చింది,” అని బోయీలు లేపేవాళ్లు.

“ఎవరి ఇల్లు?” అని అడిగేవాడు ఆయన, కళ్లు నులుముకుంటూ. తన ఇల్లయితే బాగుండునని ప్రతిసారీ అనిపించేది.

చలి తగ్గే రోజుల్లో ఒక సంగతి జరిగింది. చౌడయ్య అనే నేతగాడు దగ్గుతో వచ్చి మందు తీసుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత ముఖం పీక్కుపోయి తిరిగొచ్చాడు.

“వైద్యులుగారూ, మీరిచ్చింది విరేచనాలయ్యే పొడి. దగ్గు పోలేదు గానీ, దగ్గే ఓపిక పోయింది!”

వాకిట్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. చౌడయ్య కూడా నవ్వాడు. ఔబళయ్య నవ్వలేదు. చౌడయ్యను క్షమించమని అడిగి, సరైన మందిచ్చి, ఆ పూటే మూడోసారి సభకు వెళ్లాడు.

“ప్రభూ, మొన్న మందు మారిపోయింది. దేవుడి దయవల్ల మనిషికి ఏమీ కాలేదు. రేపు అలా ఉండదు.”

“మీ చెయ్యి పొరబడడమా! నేను నమ్మను,” అన్నాడు రాజు. “ఈ ఎండలు దాటనివ్వండి. తప్పకుండా చూద్దాం.” అని ‘ఆరోగ్య భాస్కర’ అని బిరుదు ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాచారమ్మ ఆయన కాళ్లకు నీళ్లిస్తూ అంది: “ఆ రాజుగారు ఇంకేమీ ఇవ్వకుండా చూసుకోండి.”

ఆమె భయపడ్డట్టే అయింది. బిరుదు పేరు విని చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని రావడం మొదలుపెట్టారు.

ఎండలు దాటాయి. మళ్లీ వానలు వచ్చాయి. రేవు వాడలో జాలరుల ఇళ్లన్నిటా జ్వరం పాకింది. ఔబళయ్య రెండు రోజులు కన్ను మూయకుండా ఇల్లిల్లూ తిరిగాడు. మూడో రోజు ఉదయం ఇంటి గడపలో కాలు పెట్టబోతుండగా కోట నుంచి భటుడు పరిగెత్తుకొచ్చాడు. రాజమాత లక్కమాంబకు జ్వరం. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

ఔబళయ్య గడప దగ్గరే వెనక్కి తిరిగాడు.

రాజమాత నాడి చూశాడు. ఆ జ్వరానికి వసనాభి వేసిన మందు కావాలి. వసనాభి విషపు దుంప. శుద్ధి చేసి, తూచి, సరైన పాళ్లలో వేస్తే జ్వరం దిగుతుంది. కాస్త ఎక్కువైతే మనిషే దక్కదు.

ఆయన గది బయట కూర్చుని కల్వంలో మందు నూరడం మొదలుపెట్టాడు. రాజు, దివాను ఎదురుగా నిలబడ్డారు. వాన పడుతోంది. కల్వం ఒకే తీరుగా గరగరమంటోంది.

ఉన్నట్టుండి ఔబళయ్య చెయ్యి ఆగింది.

వసనాభి వేశానా? వేశాను. ఒకసారి వేశానా, రెండుసార్లా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. అప్పటిదాకా చెయ్యి నూరుతూనే ఉంది గానీ, ఆయన మాత్రం కూర్చున్నచోటే నిద్రపోయాడు. “ఎంత వేశానో గుర్తు లేదు,” అని గొణిగాడు.

దివాను వంగి చెవిలో అన్నాడు: “సరిగ్గానే వేసి ఉంటారు లెండి. ఇరవై ఏళ్ల చెయ్యి. కానివ్వండి, ప్రభువు చూస్తున్నారు.”

ఔబళయ్య కల్వం ఎత్తుకుని పెరట్లోకి వెళ్లి, గొయ్యి తీసి, మందంతా అందులో పారబోసి మట్టి కప్పేశాడు.

“ఏం చేస్తున్నావు!” అని అరిచాడు రాజు. “లోపల మా అమ్మ మూలుగుతుంటే మందు మట్టిపాలు చేస్తావా?”

“ప్రభూ, అందులో వసనాభి ఎంత వేశానో నాకు తెలియదు. నూరుతూ నిద్రపోయాను. ఇప్పుడు మళ్లీ చేసినా ఇంతే. ఈ చేతిని నేను నమ్మను, మీరూ నమ్మకండి.”

“నిన్ను ఇంత గౌరవించింది ఈ మాట వినడానికా?”

“నేను మూడుసార్లు వచ్చాను ప్రభూ. అలిసిపోయానని చెప్పాను. మీరు మూడుసార్లూ గౌరవించారు. ఒక్కసారి కూడా పడుకోనివ్వలేదు.”

రాజు ముఖం ఎర్రబడింది. భటులను పిలవబోయాడు. అంతలో లోపలి నుంచి సన్నగా పిలుపు వినిపించింది.

“నాయనా, ఇలా రా.”

రాజు మంచం దగ్గరికి వెళ్లాడు.

“అంతా విన్నాను,” అంది లక్కమాంబ. “తెలియదని చెప్పిన మనిషి కాబట్టి ఆయన చేతి మందే నేను తాగుతాను. ముందు ఆయన్ని పడుకోనియ్యి.”

“అంతదాకా నీ సంగతేమిటమ్మా?”

“నేను ఆగుతాను. కంగారుపడకు.”

ఔబళయ్య చేతులు జోడించాడు. “జ్వరం ప్రాణం మీదికి ఇంకా రాలేదు తల్లీ, సాయంత్రం దాకా వ్యవధి ఉంది. నీరసం రాకుండా గంజి తేట ఉప్పు వేసి తాగించండి. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఉండండి. కిటికీ తెరవండి,” అని చెప్పాడు. వరండాలో చాప మీద ఒరిగాడు. ఒరగడమే, నిద్రపోయాడు.

తడిగుడ్డ మార్చే పని రాజే తీసుకున్నాడు. ముంచడం, పిండడం, వెయ్యడం. మళ్లీ ముంచడం. మధ్యాహ్నానికి ఆయన మణికట్లు లాగడం మొదలుపెట్టాయి. నడుము పట్టేసింది.

“చేతులు నొప్పా?” అని అడిగింది తల్లి.

“కొంచెం.”

“ఒక్క పూటకే!” అంది ఆమె, కళ్లు మూసుకునే.

రాజు గుడ్డ మళ్లీ ముంచి పిండాడు. వరండాలో నిద్రపోతున్న మనిషి వంక చాలాసేపు చూశాడు. చెంపలు లోపలికి పోయాయి. నిద్రలో కూడా వేళ్లు కదులుతున్నాయి.

పొద్దు వాలుతుండగా ఔబళయ్య లేచాడు. ముఖం కడుక్కున్నాడు. ముందు తనకు అన్నం పెట్టమని అడిగి తిన్నాడు. తర్వాత వసనాభి తూచాడు. దివాను చేత మరోసారి తూయించాడు. అప్పుడు మందు నూరాడు.

మూడో రోజుకు రాజమాత జ్వరం దిగింది. మంచం మీద లేచి కూర్చుంది.

రాజు దివానును పిలిచాడు. “అలిసిపోయామని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇంకా ఎవరున్నారు?”

దివాను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. “రేవు పడవవాళ్లు, ప్రభూ. కోటగుమ్మం కాపలావాళ్లు. మంత్రసాని అయితే రెండుసార్లు వచ్చింది.”

“వాళ్లకు ఏం చేశాం?”

“చూద్దామన్నాం, ప్రభూ.”

ఆ నెలలోనే పొరుగు సీమ నుంచి ఇద్దరు వైద్యులు వచ్చారు. పడవలకు, కాపలాకు, మంత్రసానికి కొత్త మనుషులు తోడయ్యారు. ప్రతి ఒక్కరూ తమ వంతు ప్రకారం ఎనిమిది రోజులకొక రోజు పనికి రానక్కర్లేదని దండోరా వేయించారు.

ఔబళయ్య పది రోజులు మంచం దిగలేదు. అయినా ఇరవై ఏళ్ల అలసట పది రోజుల్లో పోతుందా? చేతికి మునుపటి నిలకడ తిరిగి రాలేదు. ఆయన మళ్లీ ఎన్నడూ వసనాభి ముట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని కొత్త వైద్యులకు తనకు తెలిసిందంతా నేర్పాడు. ఎండ ఎక్కేసరికి నాచారమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడేది. ఆయన మాట మధ్యలోనే ఆపి, లేచి, భోజనానికి వెళ్లేవాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, అలిసిన మనిషిని పొగిడి మళ్లీ పనిలోకి తోయకండి, విశ్రాంతి ఇవ్వండి. అలిసింది మీరే అయితే, ఆ మాట దాచుకోకుండా పైకి చెప్పండి.